ఐసీయూ బయట నిలబడ్డ తమ్ముణ్ణి ఎవరు చూస్తారు?

వయసులో ఉన్న మగమనిషి గుండెపోటుతో పోయాడన్న వార్త వాట్సాప్‌లోకి రాగానే మనవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. జిమ్ముకెళ్లేవాడా? కరోనా టీకా వేయించుకున్నాడా? ఆఫీసులో టెన్షన్లా? 2022 ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకే చనిపోయినప్పుడూ, మరుసటి ఏడాది జనవరిలో కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన నందమూరి తారకరత్న మూడు వారాల తర్వాత 39 ఏళ్లకే కన్నుమూసినప్పుడూ ఇవే ప్రశ్నలు రోజుల తరబడి చక్కర్లు కొట్టాయి. వాళ్ల వైద్య వివరాల జోలికి నేను వెళ్లను, అది వాళ్ల కుటుంబాల సొంత విషయం. నా బాధంతా మనం అడిగే ప్రశ్నల గురించే. ఇలాంటి వార్త వచ్చినప్పుడు "వాళ్ల నాన్నకి ఎన్నో ఏట వచ్చింది?" అని అడిగేవాళ్లు తక్కువ. "వాళ్ల తమ్ముడికి పరీక్షలు చేయించారా?" అని అడిగినవాళ్లనైతే నేనింతవరకూ చూడలేదు.

ఆ రెండో ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు టీకా సంగతి తేల్చేద్దాం. 18 నుంచి 45 ఏళ్ల మధ్య, ఆరోగ్యంగా కనిపిస్తూనే హఠాత్తుగా చనిపోయినవాళ్ల గురించి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా 47 ఆస్పత్రుల నుంచి వివరాలు సేకరించి 2023లో ఫలితాలు చెప్పింది. టీకా వల్ల ముప్పు పెరిగినట్టు కనబడలేదు. పెంచినవి వేరే ఉన్నాయి. అంతకుముందు కుటుంబంలో ఎవరైనా అలాగే హఠాత్తుగా పోయి ఉండటం, కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరి ఉండటం, చివరి 48 గంటల్లో విపరీతంగా తాగడం, మత్తుపదార్థాలు, తీవ్రమైన శారీరక శ్రమ. కాబట్టి జిమ్ము గురించి అడిగేవాళ్లది పూర్తిగా తప్పని నేననను. కానీ శ్రమ ఆఖరి గంటల సంగతి. కుటుంబం సంగతి అంతకు ఇరవై, ముప్ఫై ఏళ్ల ముందు నుంచే ఉంది, అదీ అందరికీ తెలిసే ఉంది.

ఇరవై ముప్ఫై ఏళ్లంటే ఎక్కువ చేసి చెప్తున్నానని అనుకోవద్దు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెల్ని సైనిక వైద్యులు కోసి చూసి, 1953లో ఆ లెక్కలు ప్రచురించారు. ఆ కుర్రాళ్ల సగటు వయసు 22. యుద్ధానికి పనికొస్తారని పరీక్షించి పంపినవాళ్లు. వాళ్లలో 77 శాతం మందికి గుండె రక్తనాళాల్లో జబ్బు కంటికి కనిపించేలా ఉంది. కొందరిలో సన్నటి పసుపు చారలే, మరికొందరిలో నాళం బాగా ఇరుకైపోయింది. వాళ్లలో ఒక్కరికైనా ఛాతీలో నొప్పి వచ్చిందని ఎవరికీ తెలియదు. తర్వాత లూసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే చిన్న ఊళ్లో జెరాల్డ్ బెరెన్సన్ అనే గుండె డాక్టరు 1970లలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఊరి పిల్లల్ని గమనిస్తూ వచ్చాడు. ప్రమాదాల్లోనో మరోరకంగానో చిన్న వయసులో చనిపోయినవాళ్ల రక్తనాళాలు చూస్తే, బతికుండగా కొలిచిన కొలెస్ట్రాల్, బీపీ, బరువు, పొగతాగే అలవాటు ఎంత పోగుపడితే నాళాల్లో మచ్చలు అంత ఎక్కువగా కనిపించాయి. జబ్బు నలభైల్లో పుట్టదు. నలభైల్లో బయటపడుతుంది.

మనం ఊహించుకునే బొమ్మే తప్పుదారి పట్టిస్తుంది. పైపులో పాచి పేరుకున్నట్టు కొవ్వు రోజురోజుకీ పేరుకుని, ఒకరోజు దారి మూసుకుపోతుందనుకుంటాం. అలాగైతే ముందు నుంచీ ఆయాసమో నొప్పో రావాలి కదా. నిజానికి కొవ్వు చేరేది నాళం గోడ లోపలికి. గోడ బయటికి ఉబ్బి చాలాకాలం దారిని తెరిచే ఉంచుతుంది. ఒకరోజు ఆ కొవ్వు మచ్చ మీది పల్చటి పొర చిట్లుతుంది. అక్కడ నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూస్తుంది. గుండెపోటుకు కారణమైన మచ్చల్లో చాలా వాటికి అంతకుముందు సగం దారి కూడా మూసుకోలేదని 1980ల నుంచే యాంజియోగ్రామ్‌లు చూపిస్తున్నాయి. ట్రెడ్‌మిల్ పరీక్ష పట్టుకోగలిగేది బాగా ఇరుకైన నాళాన్ని. అందుకే "మొన్ననే టీఎంటీ చేయించాడండీ, నార్మల్ అన్నారు" అని బంధువులు వాపోవడం మనకు అంత తరచుగా వినిపిస్తుంది. ఆ రిపోర్టు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగిన ప్రశ్న వేరు.

మా ఇంటి సంగతి చెప్తాను. మా నాన్న 46వ ఏట నిద్రలోనే పోయారు. బాబాయికి యాభై దాటీ దాటగానే బైపాస్ అయింది. మా అన్నయ్యకి 38 ఏళ్లప్పుడు ఒక రాత్రి పైకడుపులో మంట, ఎడమ దవడ లాగడం. గ్యాసనుకుని సిరప్ తాగి, వేడినీళ్లు తాగి, తెల్లారేదాకా కూర్చున్నాడు. పొద్దున ఈసీజీలో బయటపడింది, స్టెంట్ వేశారు. అన్నయ్య సన్నగా ఉంటాడు, సిగరెట్ ముట్టడు, మందు తాగడు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "ఏ అలవాట్లూ లేవు కదా, ఎలా వచ్చిందో" అంటూనే ఉన్నారు. నేను ఐసీయూ బయట నిలబడి బిల్లులు కట్టాను, మందులు తెచ్చాను, వదినకి ధైర్యం చెప్పాను. డిశ్చార్జి రోజు కాగితాల బొత్తి ఇచ్చారు. ఎన్ని మాత్రలు, ఎప్పుడు రివ్యూ, ఉప్పు ఎంత, మెట్లు ఎప్పటి నుంచి ఎక్కాలి, అన్నీ ఉన్నాయి. అదే తండ్రికి పుట్టి, అదే ఇంట్లో పెరిగిన నన్ను గానీ, అన్నయ్య కొడుకుని గానీ ఒకసారి రక్తపరీక్ష చేయించుకోమన్న ముక్క అందులో ఎక్కడా లేదు. నోటితోనూ ఎవరూ అనలేదు.

ప్రాణం కాపాడిన డాక్టర్ల మీద నాకు కృతజ్ఞతే ఉంది. కానీ ఆ వారమంతా వాళ్ల కళ్లెదుట తిరిగింది ఎవరు? తర్వాతి రోగి. ముప్పున్న యువకుణ్ణి వెతకడానికి ఊరూరా శిబిరాలు పెట్టనక్కర్లేదు. వాడు ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో ఫైలు పట్టుకుని కూర్చునే ఉన్నాడు. తండ్రికో అన్నకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెజబ్బు వస్తే దాన్ని ముప్పు పెంచే కుటుంబ చరిత్రగా లెక్కించాలని వైద్యులు ఏనాడో నిర్ణయించుకున్నారు. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల రోగుల్ని పోల్చింది. మొదటి గుండెపోటు మన దక్షిణాసియా వాళ్లకు సగటున 53 ఏళ్లకు, మిగతా దేశాల వాళ్లకు 59 దగ్గర వచ్చింది. మనకి ముందే వస్తుందని తెలుసు, ఏ ఇళ్లల్లో ఇంకా ముందే వస్తుందో తెలుసు. అయినా ఆ ఇంట్లో మిగిలిన మగపిల్లల వైపు ఎవరూ తిరిగి చూడరు. (ఆడపిల్లలకూ అదే రక్తం. వాళ్లకి కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఇక్కడ మగవాళ్ల గురించి రాస్తున్నాను, అక్కచెల్లెళ్ల పరీక్ష వాయిదా వేయమని కాదు.)

తర్వాత నేను మా పేటలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరికి నా అంతట నేనే వెళ్లాను. ఆయన స్టెతస్కోపు పెట్టకముందే కిటికీ దగ్గర నిలబెట్టి కళ్లలోకి చూశారు. నల్లగుడ్డు అంచున బూడిదరంగు తెల్లటి వలయం ఉందేమోనని. ముసలివాళ్లలో అది మామూలే. 45 లోపు కనిపిస్తే మాత్రం కొలెస్ట్రాల్ చూసి తీరాలి. కనురెప్పల మీద, ముక్కు వైపు మూలల్లో, పసుపుపచ్చటి మెత్తని మచ్చలు వస్తాయి. చాలామంది వాటిని అందం సమస్యనుకుని స్కిన్ డాక్టరు దగ్గర కాల్పించేసుకుంటారు. మచ్చ పోతుంది, రక్తంలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఆ తర్వాత చెప్పులు విప్పించి, మడమ వెనక తాడులాంటి లావుపాటి స్నాయువుని రెండు వేళ్లతో నొక్కి చూశారు, కొలెస్ట్రాల్ అక్కడా పేరుకుంటుంది కాబట్టి. "మీ నాన్నకి ఇక్కడ గట్టిగా, లావుగా ఉండేదా బాబూ?" అని అడిగారు. ఉండేది. నాన్న చెప్పు ఒరుసుకుంటోందని వెనక పట్టీ కోయించుకునేవారు. మేమంతా చెప్పు బాగాలేదనుకునేవాళ్లం. నాకు అక్కడ కాస్త మందంగా తగిలిందన్నారు. రక్తంలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 196 వచ్చింది.

ఈ జబ్బుకి పేరుంది: వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద సగమే పనిచేస్తాయి, పుట్టిన దగ్గర్నుంచీ. ఆ గ్రాహకాల్ని కనిపెట్టిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. నెయ్యి మానేసినంత మాత్రాన, పొద్దున్నే నడిచినంత మాత్రాన ఇది అదుపులోకి రాదు. "ఏ అలవాట్లూ లేవు కదా" అన్న మాటకు జవాబు ఇక్కడుంది.

ఇలాంటిదే ఇంకొకటి లైపోప్రోటీన్-ఏ. ఎల్‌డీఎల్ లాంటి కణమే, దానికి ఇంకో ప్రోటీన్ అంటుకుని ఉంటుంది. ఇది ఎంతుండాలో దాదాపు పూర్తిగా జన్యువులే నిర్ణయిస్తాయి. తిండి మార్చినా వ్యాయామం చేసినా పెద్దగా కదలదు. అందుకే జీవితంలో ఒక్కసారి చూసుకుంటే చాలామందికి సరిపోతుంది. డెసీలీటరు రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. రక్తంలో కొవ్వులు చూసే మామూలు లిపిడ్ ప్రొఫైల్ పరీక్షలో ఇది రాదు, విడిగా అడగాలి. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జులైలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో దీన్ని ఒక్కసారైనా పరీక్షించమంది. మొదటి లిపిడ్ ప్రొఫైల్ 18 ఏళ్లకే చేయించాలనీ, కుటుంబంలో చిన్న వయసు గుండెజబ్బు ఉంటే ఇంకా ముందే చేయించాలనీ అదే పత్రం చెప్పింది. పరగడుపునే ఇవ్వాలన్న పట్టింపు కూడా అక్కర్లేదంది. ఇంజినీరింగ్ చేరే పిల్లాడికి బ్లడ్ గ్రూపు అడుగుతాం. ఇది ఎవరడుగుతున్నారు?

మన మగవాళ్లు సన్నగా ఉన్నామన్న ధీమాలో బతుకుతారు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యడ్కిన్ తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన పెట్టి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చిన బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. త్రాసు ఇద్దర్నీ ఒకే మాట అంది. మనకి టేపే మేలు. మగవాళ్ల నడుము బొడ్డు దగ్గర 90 సెంటీమీటర్లు దాటితే, చేతులూ కాళ్లూ ఎంత సన్నగా ఉన్నా, పట్టించుకోవాలి.

కాళ్ల సంగతి క్లుప్తంగా. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గి, మళ్లీ అంతే దూరం నడవగానే పట్టేస్తుంటే అది నరాల బలహీనత కాకపోవచ్చు, రక్తం చాలకపోవచ్చు. సిగరెట్, బీడీ బాగా తాగే కుర్రాళ్లలో పాదం మధ్యలో నొప్పి, వేళ్లు చల్లబడి రంగు మారడం, మానని పుండ్లు కనిపిస్తే బర్గర్స్ జబ్బేమో చూడాలి. ఇది కొలెస్ట్రాల్ జబ్బు కాదు, పొగాకు జబ్బు. పొగ పూర్తిగా మానడమే దానికి అసలు వైద్యం, తగ్గించడం కాదు. మానకపోతే వేళ్లు తీసేయాల్సి వస్తుంది.

ఇప్పుడు మన ఇళ్లల్లో ఎవరూ నోరెత్తని గుర్తు. అంగస్తంభన సరిగా లేకపోవడం.

ఈ ఒక్క దాని గురించి నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని దాచినంతగా మగవాడు మరి దేన్నీ దాచడు. అంగంలోని ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండె ధమని మూడు నాలుగు మిల్లీమీటర్లు. నాళాల లోపొర దెబ్బతినడం ఒంటి నిండా ఒకేసారి జరుగుతున్నా, సన్నటి నాళం ముందు ఇబ్బంది పడుతుంది. ఈ వాదనను ఇటలీ వైద్యుడు మొంతోర్సీ బృందం ముందుకు తెచ్చింది. ఈ సమస్య మొదలైన రెండు మూడేళ్లకో, కాస్త ఎక్కువకో గుండె లక్షణాలు బయటపడటం వాళ్లు చూశారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఓమ్‌స్టెడ్ కౌంటీలో మగవాళ్లను పదేళ్ల పాటు గమనించి 2009లో వేసిన లెక్కలోనూ ఈ సంబంధం కనిపించింది. మరీ ముఖ్యంగా 40 నుంచి 49 ఏళ్ల వాళ్లలో. డెబ్బై దాటినవాళ్లలో ఈ గుర్తుకు పెద్ద విలువ లేదు, వయసులో ఉన్నవాళ్లలోనే ఉంది. రెండు చోట్లా నాళాన్ని సడలించేది ఒకటే పదార్థం, నైట్రిక్ ఆక్సైడ్. వయాగ్రాగా అందరికీ తెలిసిన సిల్డెనాఫిల్‌ను మొదట గుండెనొప్పి మందుగానే పరీక్షించారు, తర్వాతే అది ఇటు తిరిగింది.

మరి మనవాడేం చేస్తాడు? రైలుపట్టాల పక్క గోడల మీద, బస్టాండు మూత్రశాలల మీద రాసిన 'గుప్తరోగాల' నంబరుకి ఫోన్ చేస్తాడు. లేదా ఇంటికి దూరంగా ఉన్న మెడికల్ షాపులో, చీటీ లేకుండా, నాలుగు మాత్రలు కొనుక్కుంటాడు. మాత్ర పనిచేస్తుంది. ఒళ్లు ఇచ్చిన హెచ్చరిక అక్కడితో మూగబోతుంది. పైగా అదే మనిషి ఛాతీ నొప్పితో వచ్చినప్పుడు, ఆ మాత్ర వేసుకున్న సంగతి చెప్పకుండా గుండెనొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టించుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

అందర్నీ భయపడమని చెప్పట్లేదు. ఇరవైల్లో వచ్చే ఈ సమస్య చాలావరకు భయం, ఒత్తిడి, నిద్రలేమి వల్లే. కానీ ముప్ఫైలు, నలభైల్లో నెమ్మదిగా మొదలై, తెల్లవారుజామున సహజంగా ఉండేదీ తగ్గిపోతూ, ఇంట్లో గుండెజబ్బు చరిత్రో, షుగరో, పొగ అలవాటో తోడైతే మాత్రం, బీపీ, షుగర్, లిపిడ్లు చూడకుండా ఆ మాత్ర రాసే డాక్టరు సగం పనే చేసినట్టు. భార్యలకు కూడా చెప్తున్నాను. ఇది మీ మీద ఇష్టం తగ్గడమని కుమిలిపోకండి. ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగలిగేది చాలా ఇళ్లల్లో మీరే.

ఇవన్నీ పట్నం జబ్బులని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఉభయగోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాల కారణాలు 2003–04లో లెక్కగడితే, గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతంతో మొదటి స్థానంలో ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటి పల్లెటూళ్ల మాట అది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో జరిగిన పరిశీలన నన్ను ఇంకా కదిలించింది. 1987–90లో కొన్ని ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది, కొన్నింటికి అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వాళ్లయ్యాక ధమనులు ఎంత బిరుసుగా ఉన్నాయో కొలిచారు. తిండి అందిన ఊళ్ల పిల్లల ధమనులు మెత్తగా ఉన్నాయి. మీసాలు మొలవని వయసులోనే తేడా కొలతకు దొరికింది, మన తెలుగు పల్లెల్లోనే.

"అయితే ముప్ఫై ఏళ్లకే జీవితాంతం మాత్రలు మింగాలా?" ఈ మాట నన్ను అమ్మ అడిగింది, స్నేహితులూ అడిగారు. ఎల్‌డీఎల్ కాస్త ఎక్కువున్న ప్రతి కుర్రాడికీ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇవ్వమని నేనూ అనను. చాలామందికి పొగ మానడం, నడుము తగ్గించుకోవడం, తెల్లన్నం కొంత తగ్గించడం, ఏడాదికోసారి పరీక్ష సరిపోతాయి. అయితే 190 దాటి, ఇంట్లో చరిత్ర కూడా ఉంటే లెక్క వేరు. ఎందుకంటే ధమనికి తగిలే దెబ్బ ఈరోజు ఎంతుంది అన్న దాని మీదే కాదు, ఎన్నేళ్లుగా ఉంది అన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. 2006లో అమెరికాలో నల్లజాతివాళ్ల మీద వచ్చిన ఒక పరిశీలన చూడండి. పీసీఎస్‌కే9 అనే జన్యువులో ఒక మార్పుతో పుట్టినవాళ్లకి ఎల్‌డీఎల్ 28 శాతమే తక్కువ. గుండెజబ్బు మాత్రం 88 శాతం తక్కువ. యాభైలో మాత్ర మొదలుపెట్టి ఎల్‌డీఎల్ అంతే తగ్గించినా ఇంత లాభం రాదు. పుట్టినప్పటి నుంచీ తక్కువ ఉండటమే ఆ తేడా. స్టాటిన్ వల్ల కొందరికి కండరాల నొప్పులొస్తాయి, షుగర్ వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది, డాక్టరు చూస్తూ ఉండాలి. ఆ ఇబ్బందుల పక్కన నాన్న 46 ఏళ్లు పెట్టి చూసుకున్నాను. మాత్ర వేసుకుంటున్నాను.

ఇంకో ఉచ్చు గురించి చెప్పాలి. భయపడ్డవాడికి అమ్మడానికి వేల రూపాయల ప్యాకేజీలు సిద్ధంగా ఉంటాయి. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ, ఆపైన సీటీలో కాల్షియం స్కోరు. ముప్ఫై ఏళ్లవాడికి కాల్షియం స్కోరు సున్నా వస్తే సంబరపడాల్సింది తక్కువ. కొత్త మచ్చల్లో ఇంకా సున్నం చేరదు. నేను అడిగేది ఆ ప్యాకేజీ కాదు. ఒక బీపీ కొలత, షుగర్, లిపిడ్ ప్రొఫైల్, ఒకసారి లైపోప్రోటీన్-ఏ, నడుం చుట్టూ టేపు, కళ్లూ మడమా చూసే ఓపికున్న డాక్టరు.

అందుకే నా డిమాండు చాలా చిన్నది. 55 లోపు గుండెపోటుతో వచ్చిన ప్రతి మగమనిషి డిశ్చార్జి కాగితం మీద ఒక గడి ఉండాలి: రోగి తోడబుట్టినవాళ్లు, పిల్లలు, వాళ్ల లిపిడ్ పరీక్ష అయిందా లేదా. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద స్టెంట్‌కి డబ్బు కట్టే ప్రభుత్వాలు, ఆ క్లెయిముతో పాటే ఈ గడీ నింపమని ఆస్పత్రుల్ని అడగొచ్చు. స్టెంట్ ఖర్చు పక్కన ఇద్దరు ముగ్గురి రక్తపరీక్ష ఖర్చు లెక్కలోకే రాదు. ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు కూడా. రివ్యూకి వెళ్లినప్పుడు రోగి వెంట తమ్ముడు ఎలాగూ వెళ్తాడు. కార్డియాలజిస్టు గదిలోనే "డాక్టరు గారూ, నాకూ రాయండి" అని అడగొచ్చు.

మా వదిన ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ నాతో ఒప్పుకోవట్లేదు. అన్నయ్య కొడుక్కి పదకొండేళ్లు. "ఇప్పుడే సూదులెందుకు మరిదిగారూ, పదో తరగతి అయ్యాక చూద్దాం" అంటుంది. ఆవిడ భయం నాకర్థమవుతుంది. ఇంట్లో ఒక రోగిని చూసుకుంటున్న మనిషికి రెండో పేరు వినే ధైర్యం వెంటనే రాదు. కానీ అన్నయ్యకి ఆ జన్యువు ఉంటే వాడికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఉందని తేలితే ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే వైద్యం మొదలుపెట్టవచ్చని పిల్లల వైద్యులే చెబుతున్నారు. లేదని తేలితే ఆ ఇంట్లో ఒక్కడి గురించైనా ఆ జన్యువు బెంగ తీరుతుంది. అన్నయ్య వచ్చే నెల రివ్యూకి వెళ్తున్నాడు. పిల్లాణ్ణి కూడా వెంట తీసుకెళ్లమని ఇద్దర్నీ మళ్లీ అడిగాను.